అమోస్ పెటిగ్రూ పిలిచిన పిలుపు

అలాంజో టార్ప్లీ ఇంట్లో మనుషులకంటే పాటలకే చోటెక్కువ. మనుషులంటే ఎవరున్నారు గనక, అతనొక్కడే. భార్య బెర్నడీన్ పదమూడేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం వంటగది గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ రికార్డులైనా ఉండాలి. తేల్చుకో," అంది. అలాంజో తేల్చుకోవడానికి ఒక్క నిమిషం తీసుకున్నాడు. ఆ నిమిషమే ఆవిడకి జవాబైంది. ఆవిడ బట్టలు వేలాడిన అలమరలో ఇప్పుడు ఫిలడెల్ఫియా పాటలున్నాయి. హాల్లో ఒక గోడంతా డెట్రాయిట్, ఎదురు గోడ మెంఫిస్. సొంత ఊరు చికాగో పాటలు మాత్రం మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా ఉంటాయి.

అన్నీ సోల్ పాటలే, చర్చి గొంతుతో పాడే నల్లవాళ్ళ ప్రేమ పాటలు. నడుమ పెద్ద చిల్లున్న చిన్న రికార్డులు, నాలుగు వేల పైచిలుకు. వాటితో పాటు ఎప్పుడో కూల్చేసిన థియేటర్ల పోస్టర్లు, సగానికి చింపిన టిక్కెట్లు, ఒక గాయకుడు వేదిక మీద చెమట తుడుచుకున్నాడని చెప్పి ఎవరో అంటగట్టిన చేతిరుమాలు. ఆ చెమట ఎవరిదో దేవుడికే తెలియాలి. అలాంజో మాత్రం దానికి అద్దం కట్టించి గోడకి తగిలించాడు.

బ్లూస్ జోలికి, అంటే దక్షిణాది పత్తి చేల పాత గిటారు పాటల జోలికి మాత్రం పోయేవాడు కాదు. అతని తండ్రి మిసిసిపీలో పత్తి ఏరి ఏరి, ఇక చాలురా దేవుడా అని రైలెక్కి ఉత్తరాదికి వచ్చినవాడు. ఆ పాటలొచ్చిన కాలంలో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, రికార్డులన్నీ లక్కతో చేసేవాళ్ళు. బరువుగా, పెళుసుగా ఉండి, చెయ్యి జారితే ముక్కలయ్యేవి. వాటిలోంచి గిటారు మోగితే అలాంజోకి తండ్రి వీపు గుర్తొచ్చేది. "పాటలా అవి? పెంకులు!" అని నలుగురిలో తీసిపారేసేవాడు.

రికార్డుల దగ్గర అతనికి మహా మడి. ఇంటికొచ్చిన ఏ రికార్డయినా ముందు స్నానం చెయ్యాలి, ఆ తర్వాతే దాని మీద ముల్లు పెట్టాలి. మురికి రికార్డు మీద ముల్లు పెడితే దుమ్ము ఇసుకలా గాడిని గీకి పాటని తినేస్తుందని అతని వాదన. అందులో అబద్ధమేమీ లేదు. సగం స్పిరిట్టు, సగం మరిగించి చల్లార్చిన నీళ్ళు కలిపి సీసాలో పోసుకునేవాడు. రికార్డు మీద ఆ నీళ్ళు పోసి, ఐదు నిమిషాలు నానబెట్టి, మెత్తని బట్టతో తుడిచేవాడు. అంతకుముందే నోటుపుస్తకంలో పాట పేరు, పాడినవాళ్ళ పేరు, రికార్డు మీద పాట అయిపోయిన చోట ఖాళీ జాగాలో సన్నగా గీసి ఉండే నంబరు ఎక్కించేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కసారి కూడా ఈ వరస తప్పలేదు.

ఇంత మడి మనిషి ఆదివారం వస్తే మాత్రం భర్త పోయినా వీధంతా పుట్టింటి పేరుతోనే మిస్ జెనీవా పెటిగ్రూ అని పిలిచే ముసలావిడ ఇంట్లో చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా భోజనానికి కూర్చునేవాడు. అంత ఆకలి. ఆకలి కూటికో మాటకో అతనికే తెలియదు. కాల్యుమెట్ వీధిలో ఇరవయ్యారేళ్ళు ఉత్తరాలు పంచాడు అలాంజో. ఎవరికి ఎక్కణ్ణించి ఉత్తరం వస్తుందో, ఎవరికి రాదో అన్నీ తెలుసు. మిస్ జెనీవాకి రాదు. అతను ఉద్యోగం విరమించిన రోజున ఆవిడ మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చి, "ఆదివారం నీకెవరైనా వండిపెడతారా, అబ్బాయ్?" అని అడిగింది. లేదన్నాడు. "అయితే చర్చి అయ్యాక రా. మరీ తొందరగా రాకు, నేనూ చర్చికి వెళ్ళి రావాలిగా," అంది. ఆవిడకి డెబ్భై రెండు, అతనికి అరవై ఒకటి. అతన్ని అబ్బాయ్ అనే మనిషి లోకంలో ఇంకెవరూ మిగల్లేదు.

అలా రెండేళ్ళు గడిచాయి. పంది మెడ ఎముకల పులుసు, వెన్న చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె. తింటూ ఆవిడ చర్చిలో ఎవరి టోపీ ఎంత అన్యాయంగా ఉందో చెప్పేది. అతను వినేవాడు. వారంలో మిగతా ఆరు రోజులు అతను ఈ ఒక్కరోజు కోసం బతికేవాడు. మార్చి నెలలో ఒక ఆదివారం, పళ్ళేలు తీసేశాక, మిస్ జెనీవా లోపలి గదిలోకి వెళ్ళి రెండు దిండు గలీబుల మధ్య చుట్టిన ఒక మూట తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నీ దగ్గర పాత రికార్డులు తిప్పే మిషను ఉందా?"

"ఏ కాలం నాటివి?"

"మా అన్నయ్య కాలం నాటివి."

గలీబు విప్పితే ఒక లక్క రికార్డు బయటపడింది. లేబుల్ మీద లాంతరు బొమ్మ, కింద పాడినవాడి పేరు: అమోస్ పెటిగ్రూ.

"మీ అన్నయ్య రికార్డు ఇచ్చాడా! రెండేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదేం మీరు?"

"నువ్వు పెంకులు అంటావుగా. పెంకు అంటావేమోనని చూపించలేదు," అంది మిస్ జెనీవా. అలాంజోకి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ చెప్పింది. అమోస్ ఆవిడకంటే మూడేళ్ళు పెద్ద. శనివారం వచ్చిందంటే గిటారు చంకనేసుకుని వెళ్ళిపోయేవాడు, ఏ అర్ధరాత్రో తిరిగొచ్చేవాడు. తండ్రి చర్చి పెద్ద. దయ్యం పాటలు పాడేవాడికి నా ఇంట్లో చోటు లేదని లోపల గడియ వేసేవాడు. అమోస్ గోడ పక్కన నిలబడి చెల్లెల్ని 'నీవా' అని ముద్దుపేరుతో మెల్లగా పిలిచేవాడు. ఆవిడ అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళి గడియ తీసేది. పందొమ్మిదొందల ముప్ఫయ్యారులో లాంతరు కంపెనీ వాళ్ళు జాక్సన్‌లో ఒక హోటల్ గది తీసుకుని పాటగాళ్ళని పిలిపించారు. "వెళ్ళేటప్పుడు చెప్పాడు, నీవా, నేను నిన్ను ఆ పెట్టెలోంచి పిలుస్తా చూడు అని. వేళాకోళం అనుకున్నా. రికార్డు టపాలో వచ్చింది. వేసి చూస్తే నిజంగానే పిలిచాడు. పాట మధ్యలో గిటారు వాయిస్తూ ఉత్తి మాటల్లో అంటాడు, నీవా, తలుపు తియ్యవే, తడిసిపోతున్నా అని. మా నాన్న కూడా విన్నాడు. ఆ తర్వాత ఇంక గడియ వెయ్యలేదు."

మూడేళ్ళకి అమోస్ కరకట్ట పనిలో మట్టి విరిగిపడి పోయాడు. ఫోటో అంటూ ఒక్కటీ లేదు. ఆవిడ దగ్గరున్న మిషను అరవై ఒకటిలో పాడైంది. కొత్త మిషన్లకి ఈ రికార్డు పడదు. "ఇరవయ్యారేళ్ళయింది వాడి గొంతు విని. పోయేలోగా ఒక్కసారి వినాలనుంది. టేపు మీదికి ఎక్కించి ఇస్తావా? రోజూ వింటే రికార్డు అరిగిపోతుందని దాచానుగానీ, టేపైతే ఎంత అరిగినా పోయేదేముంది?"

"వచ్చే ఆదివారానికి తెస్తానమ్మా," అన్నాడు అలాంజో.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఆవిడ ఏమిటది అని అడిగితే, "గాజు" అన్నాడు. ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా నోటుపుస్తకంలో ఎక్కించాడు. అమోస్ పెటిగ్రూ, లాంతరు కంపెనీ, నంబరు, నంబరు పక్కన గీత, గీత పక్కన రెండు. తర్వాత సీసా తీశాడు. రెండు వైపులా పోసి, నానబెట్టి, కాఫీ కాచుకోవడానికి వెళ్ళాడు.

లక్క స్పిరిట్టులో కరుగుతుంది. వడ్రంగి దుకాణంలో పనిచేసే ఎవణ్ణడిగినా చెబుతాడు, రికార్డులు పోగుచేసేవాళ్ళలో నిన్నగాక మొన్న చేరినవాడు కూడా చెబుతాడు. అలాంజోకి తెలియదా? తెలుసు. ఒకప్పుడు ఇంకొకడు ఇదే పని చేస్తే పడీపడీ నవ్వాడు కూడా. కానీ అతని చేతులు ముప్ఫై ఏళ్ళుగా ప్లాస్టిక్ రికార్డులే కడిగాయి. ఆ చేతులకి తెలిసింది ఒకటే పద్ధతి. తల ఆ సమయంలో జెనీవా మాటల దగ్గరే ఉండిపోయింది.

కాఫీ తెచ్చుకుని బట్టతో తుడవడం మొదలుపెట్టాడు. బట్ట నల్లబడింది. యాభై ఏళ్ళ మురికి, రాదూ మరి, అని మొదట సంతోషించాడు. బట్ట మార్చాడు. అదీ నల్లబడింది. మూడోది కూడా. అప్పుడు వేలితో ముట్టుకుని చూశాడు. జిగురుగా తగిలింది. దీపం కిందికి తెచ్చి వంచితే గాడులు ఉండాల్సిన చోట బూడిద పూసినట్టు ఒకటే మసక.  ఆరాక తన పాత మిషను మీద పెట్టి ముల్లు దించాడు. నూనెలో ఏదో వేగుతున్నట్టు చిటపట. దాని వెనకాల ఎక్కడో, కుళాయి పారుతుంటే పక్కింట్లోంచి వినిపించే మాటలాగ ఒక మగ గొంతు. అది ఏమంటోందో ఒక్క అక్షరం తెలియలేదు. వెనక వైపు వేశాడు, అదీ అంతే.

అతను నేల మీద కూర్చుండిపోయాడు. నాలుగు గోడలనిండా నాలుగు వేల రికార్డులు, ఒక్కదాని మీదా గీత లేదు. తనది కానిది ఒకటి చేతికిస్తే ఇలా చేశాడు. బెర్నడీన్ ఉంటే ఏమనేదో అతనికి తెలుసు. ఆవిడ లేనందుకు మొదటిసారి సంతోషించాడు, ఆ సంతోషానికి సిగ్గుపడి ఏడ్చాడు.

మర్నాడు ఉదయమే ఫోన్ చేసి చెప్పేస్తే సగం పాపం పోయేది. చెప్పలేదు. చెబితే ఆదివారాలు పోతాయి. ఆ ఆదివారం వెళ్ళి, మిషను బెల్టు తెగిందన్నాడు. "పోనీలే, తొందరేముంది," అంటూ ఆవిడ ఇంకో రొట్టెముక్క వేసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని తిన్నాడు. ఆ తర్వాతి ఆదివారం బెల్టు దొరకలేదన్నాడు. మూడో ఆదివారం వెళ్ళనే లేదు. సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏం అబ్బాయ్, ఒంట్లో బాగాలేదా? పులుసు మూతపెట్టి ఉంచా."

"జలుబమ్మా."

"గొంతు బాగానే ఉందే."

"లోపలి జలుబు."

"లోపలి జలుబా! అదెక్కడి రోగం, తపాలా ఆఫీసులో కనిపెట్టారా?" అని నవ్వి, కాసేపాగి మెల్లగా అడిగింది. "రికార్డు జాగ్రత్తగానే ఉందిగా?"

"ఉందమ్మా," అన్నాడు.

ఆ రాత్రి నుంచి అమోస్ పెటిగ్రూ రికార్డు ఇంకొకటి ఎవరి దగ్గరుందో వాకబు చెయ్యడం మొదలుపెట్టాడు. ఊరూరికీ ఫోన్లు చేశాడు. తమకి తెలిసి లోకంలో మిగిలినవి రెండేనని అందరూ ఒకేమాట చెప్పారు. ఒకటి సముద్రాల అవతల ఎవరిదగ్గరో ఉంది. రెండోది దగ్గర్లోని గ్యారీలో, మంగలి ఫ్లెచర్ డూలీ దగ్గర.

ఆ పేరు వినగానే అలాంజోకి ప్రాణం ఉసూరుమంది. పదేళ్ళ కిందట ఒక చర్చి నేలమాళిగలో రికార్డుల సంత జరిగినప్పుడు, డూలీ తన లక్క రికార్డులు బల్ల మీద పరుచుకుని కూర్చుంటే, ఇతనే అందరికీ వినపడేలా, "డూలీ పెంకులమ్ముతున్నాడర్రా! ఎవరింటి కప్పయినా కారుతోందా?" అని అరిచాడు. సంతంతా గొల్లుమంది. డూలీ మారు మాట్లాడకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అలాంజో మంగళవారం రైలెక్కి గ్యారీ వెళ్ళాడు. డూలీ ఎవరికో గడ్డం గీస్తూ అద్దంలోంచి చూశాడు. కత్తి ఆపలేదు.

"ఎవరూ, టార్ప్లీయా! ఏం, ఇంటి కప్పు కారుతోందా?"

"కారుతోంది, అన్నా," అన్నాడు అలాంజో. వయసులో డూలీయే చిన్నవాడు. అవసరం అలా అనిపించింది.

గడ్డం పని అయ్యాక, కొట్టు వెనక గదిలో కూర్చుని జరిగింది చెప్పాడు. ముందు తిప్పి తిప్పి చెప్పబోయాడు. డూలీ మధ్యలోనే చెయ్యెత్తాడు.

"ఆగు. స్పిరిట్టు పెట్టావా?"

అలాంజో తల ఊపాడు.

డూలీ పకపకా నవ్వాడు. తొడ చరుచుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఎదుటివాడి మొహం చూసి ఆపేశాడు. "ముసలావిడ అన్నా? సొంత అన్నేనా?"

"సొంత అన్నే. ఫోటో కూడా లేదు."

డూలీ లేచి బీరువాలోంచి రికార్డు తీశాడు. అదే లాంతరు బొమ్మ, అదే పేరు. అలాంజో దాన్ని వెలుగుకి వంచి చివర నంబరు చూశాడు. నంబరు పక్కన గీత, గీత పక్కన ఒకటి.

"ఇది ఒకటి. ఆవిడది రెండు."

"ఆ రోజుల్లో ప్రతి పాటా రెండుసార్లు పాడించేవాళ్ళు. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని. అచ్చుకి ఒకటే పోవాలి. ఒక్కోసారి ఎవడో తలమాసినవాడు రెండూ పంపేసేవాడు. సముద్రాల అవతలున్నది కూడా ఒకటో నంబరుదేనట," అని డూలీ పాట వేశాడు.

అమోస్ పెటిగ్రూ గొంతు ఆ గది నిండా వచ్చింది. పాతికేళ్ళ కుర్రవాడి గొంతు, కొంచెం పొగరు, కొంచెం నిద్రమత్తు. అలాంజో ఈ తరహా పాటని జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు. పాట బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి అరవై మూడేళ్ళు పట్టింది. నడుమ గిటారు వచ్చింది. అలాంజో మిషను దగ్గరికి వంగాడు. గిటారు ఒక్కటే మోగింది. మాట లేదు, పిలుపు లేదు. మళ్ళీ పాట అందుకుని ముగించాడు అమోస్.

"మొదటిసారి పాడినప్పుడు తోచలేదేమో. రెండోసారి తోచి ఉంటుంది," అన్నాడు డూలీ. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "జాలి వేరు, బేరం వేరు. నీ దగ్గర ఆ ముగ్గురాడపిల్లల రికార్డుందిగా, మీ చికాగో వెస్ట్ సైడ్‌ది."

ఉంది. కంపెనీ విడుదల చెయ్యకుండా ఆపేస్తే, రేడియో స్టేషన్ చెత్తబుట్టలో అలాంజోకి దొరికిన రికార్డు. లోకంలో అదొక్కటే. దాన్ని చూడ్డానికే ఇంగ్లండు నుంచి ఇద్దరు వచ్చారు. అతని ఇంటికి మనుషులంటూ వచ్చింది దాని పుణ్యమే. పిలుపు లేని పాట కోసం దాన్ని ఇవ్వడం తెలివైన పనేనా? గతిలేనమ్మకి గంజే పానకం. పిలుపు లేకపోతేనేం, గొంతుందిగా. యాభై ఏళ్ళుగా విన్న మాట, ఆవిడ మనసే ఆ ఖాళీలో పూరించుకుంటుందేమో. ఆవిడ చెవులూ మందగించాయి. అలా తనకి తాను చెప్పుకుని శుక్రవారం ఆ రికార్డు తెచ్చి డూలీ చేతిలో పెట్టి, అమోస్ రికార్డు తీసుకున్నాడు.

ఆదివారం లక్క రికార్డులు తిప్పే పెట్టె మిషనొకటి మోసుకుని మూడంతస్తులు ఎక్కాడు. మిస్ జెనీవా చర్చి బట్టలు కూడా మార్చుకోలేదు. ఆవిడ కళ్ళలో శుక్లాలు. రికార్డుని మొహం దాకా తెచ్చుకుని చూసింది.

"ఎంత మెరుస్తోందో! బాగా కడిగావు, అబ్బాయ్. నీ చెయ్యి మంచిది."

అలాంజో మిషను పెట్టి ముల్లు దించాడు.

మొదటి మాటకే ఆవిడ చేతులు రెండూ నోటికి అడ్డం వెళ్ళాయి. "వాడే. అమ్మో, వాడే! ఎంత చిన్నపిల్లాడు!" అంది. ఒక చరణం అయింది. రెండో చరణం అయింది. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి చూపుడువేలు పైకెత్తింది. "ఇదిగో, ఇక్కడే... గిటారు... ఇప్పుడు..."

గిటారు మోగింది. వేలు అలాగే ఉంది. గిటారు అయిపోయి పాట అందుకున్నాడు, వేలు ఇంకా అలాగే ఉంది. పాట ముగిసి ముల్లు ఖాళీ గాడిలో తిరుగుతుంటే వేలు మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"మళ్ళీ వెయ్యి."

వేశాడు. ఈసారి ఆవిడ చెవి మిషనుకి ఆనించి కూర్చుంది. మూడోసారి కూడా వేయించింది. ఆ తర్వాత వెయ్యమనలేదు.

"పిలవలేదు," అంది.

అలాంజో మిషను మూత పట్టుకుని నిలబడ్డాడు.

"అంటే నేనే కల్పించుకున్నానా? యాభై ఏళ్ళూ?" ఆవిడ నవ్వబోయింది. "ముసలిదాన్నయిపోయా అబ్బాయ్. లేనివి వినిపిస్తున్నాయి కాబోలు. మా నాన్న గడియ తీసింది కూడా నేనే కల్పించుకున్నానేమో. వాడు నన్ను పిలిచాడని ఎంతమందికి చెప్పానో. మా ఆయనకి చెప్పా. చర్చిలో చెప్పా." చేతిసంచీలోంచి రుమాలు తీసి, కళ్ళకి కాదు, నుదుటికి అద్దుకుంది. "సరేలే. గొంతు విన్నాగా, అదే పదివేలు. కూచో, పులుసు వేడి చేస్తా."

అక్కడితో అయిపోయేది. కూర్చుంటే చాలు. పులుసు ఉండేది, వచ్చే ఆదివారం ఉండేది, ఆ పై ఆదివారం ఉండేది. ఆవిడ తన మతి పోయిందని నమ్మి, ఆ పిలుపుని తన చేత్తోనే పూడ్చిపెట్టుకునేది. అలాంజో కుర్చీ దాకా వెళ్ళాడు, కూర్చోలేకపోయాడు.

"మీరు కల్పించుకోలేదమ్మా. ఇది మీ రికార్డు కాదు."

మొత్తం చెప్పాడు. స్పిరిట్టు, నల్లబడ్డ బట్టలు, బెల్టు తెగిందన్న అబద్ధం, లోపలి జలుబు, డూలీ, ఒకటి, రెండు. ముగ్గురాడపిల్లల రికార్డు సంగతి మాత్రం చెప్పలేదు. అది చెబితే తన గొప్ప చెప్పుకున్నట్టుంటుందని అనిపించింది. చెప్పినంతసేపూ ఆవిడ కదలకుండా పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది.

"నువ్వు విన్నావా? కడక్కముందు?"

"లేదమ్మా."

"ఒక్కసారైనా?"

"మురికి రికార్డు మీద నేను ముల్లు పెట్టను."

ఆ మాట అతని నోట్లోంచి వచ్చాక అతనికే అసహ్యం వేసింది. మిస్ జెనీవా గరిటె పక్కన పెట్టింది. పొయ్యి ఆర్పింది.

"మా అమ్మ విన్నది, పోయింది. నాన్న పోయాడు. మా ఆయన పోయాడు. అప్పుడు మా వీధిలో విన్నవాళ్ళు ఎవరున్నారో నాకు తెలీదు. నువ్వొక్కడివి విని ఉంటే ఇద్దరమయ్యేవాళ్ళం." ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని అలాంజో కోరుకున్నాడు. "ఇప్పుడు నేనొక్కదాన్నే. నేను కూడా నిజంగా విన్నానో లేదో, ఇందాకటి నుంచి నాకు నమ్మకం లేదు. ఆ నమ్మకం కూడా తీసేశావు."

"ఏం చెయ్యమంటే అది చేస్తానమ్మా."

 ఆవిడ వెళ్ళి బయటి తలుపు తీసి పట్టుకుంది. అలాంజో టోపీ తీసుకున్నాడు, మిషను అక్కడే వదిలేశాడు. ఈ గుమ్మం దాటడం ఇదే ఆఖరని అనుకుంటూ బయటికి అడుగుపెట్టాడు. వెనకాల తలుపు మూసుకుంది. గడియ పడింది.

మెట్ల వైపు తిరిగాడు. లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఎక్కడికి పోతున్నావ్? అక్కడే నిలబడి పిలువు."

"ఏమనమ్మా?"

"వాడన్నమాట. నీకు చెప్పాగా. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అలాంజో తలుపుకి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "నీవా, తలుపు తియ్యవే. తడిసిపోతున్నా."

"అలా కాదు."

మళ్ళీ అన్నాడు. ఈసారి కొంచెం గట్టిగా.

"అలా కాదు. నువ్వు ఉత్తరం తెచ్చినట్టు పిలుస్తున్నావ్."

ఎదురింటి తలుపు సందులోంచి ఎవరో తొంగి చూసి, నడి వయసు దాటిన మనిషి ముసలావిడ గుమ్మంలో ఇలా బతిమాలడమేమిటన్నట్టు మొహం పెట్టి తలుపేసుకున్నారు. అలాంజో పట్టించుకోలేదు. డూలీ కొట్లో విన్న ఆ కుర్ర గొంతు, ఆ పొగరు, ఆ నిద్రమత్తు గుర్తు తెచ్చుకుని, సాగదీసి ఒకసారి, నవ్వు కలిపి ఒకసారి అన్నాడు. గుసగుసగా అన్నాడు. ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. అన్నిసార్లూ లోపలి నుంచి ఆ రెండు మాటలే వచ్చాయి. చివరికి నుదురు తలుపుకి ఆనించి, ఏ గొంతూ అరువు తెచ్చుకోకుండా తన గొంతుతోనే పిలిచాడు.

"నీవా. తలుపు తియ్యవే."

 ఆవిడ తలుపుకి అవతల, సరిగ్గా ఎదురుగానే నిలబడి ఉందని ఊపిరిని బట్టి తెలిసింది.

"అలా కాదు, అబ్బాయ్," అంది. "వాడు నేను తీస్తానని తెలిసి పిలిచేవాడు. మళ్ళీ పిలువు."